గొల్లపల్లి వారు ఎక్కడివారు? ఇంటిపేర్ల పరిశోధన తీరుపై ఒక అభ్యంతరం

తెలుగువారి ఇంటిపేర్ల మీద మన విశ్వవిద్యాలయాలలో జరుగుతున్న పని ఒక పట్టికతో మొదలై మరొక పట్టిక దగ్గర ఆగిపోతున్నది. గ్రామనామాల నుంచి వచ్చినవి, వృత్తినామాల నుంచి వచ్చినవి, చెట్ల పేర్లు, జంతువుల పేర్లు, వస్తువుల పేర్లు అంటూ గంపలను ముందే పేర్చుకొని, సేకరించిన పేర్లను వాటిలో వేయడమే విశ్లేషణగా చెలామణీ అవుతున్నది. పరిశీలకుడిగా నేను చదివిన సిద్ధాంత గ్రంథాలలో ‘గొల్లపల్లి’ అనే ఇంటిపేరు ఎదురైన ప్రతిసారీ అది మొదటి గంపలోనే కనిపించింది. పక్కన వివరణ కూడా దాదాపు ఒకటే: ఇది గొల్లపల్లి అనే ఊరి నుంచి వచ్చిన పేరు, గొల్లలు నివసించిన పల్లె కాబట్టి అది గొల్లపల్లి, కాబట్టి ఈ ఇంటివారి పూర్వులు ఆ ఊరి గొల్లలై ఉంటారు. ఈ వివరణలో మూడు అంగలున్నాయి. మూడింటిలో ఏ ఒక్కటీ నేల మీద ఆనినది కాదని నా అభిప్రాయం.

మొదట ఊరి సంగతి. గొల్లపల్లి అనగానే ఉత్తర తెలంగాణ పరిశోధకునికి తోచేది జగిత్యాలకు తూర్పున ఉన్న మండల కేంద్రం. ధర్మపురి, పెగడపల్లి మండలాలు దానికి ఇరుగుపొరుగు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడే వరకు అది కరీంనగర్ జిల్లాలోనిది. కానీ అదే పాత కరీంనగర్ జిల్లాలో, ఇప్పటి రాజన్న సిరిసిల్ల జిల్లా ఎల్లారెడ్డిపేట మండలంలో, మరో గొల్లపల్లి ఉన్నది. నూజివీడు దగ్గర ఒక గొల్లపల్లి ఉన్నది. పెనుకొండ దగ్గర జలాశయం కట్టిన గొల్లపల్లి ఇంకొకటి. చిత్తూరు వైపు వెళితే గొల్లపల్లెలు ఎదురవుతూనే ఉంటాయి. కన్నడ దేశంలో అడుగుపెడితే ఇదే పేరు గొల్లహళ్ళి అవుతుంది. కన్నడంలో పదాది పకారం హకారంగా మారిన తరువాతి రూపం అది. పసుల మందలు మేసిన ప్రతి చోటా పుట్టగల పేరు ఇది. ఘోష శబ్దానికి అమరకోశం ఇచ్చే అర్థం కూడా ఆభీరుల పల్లె అనే. అంటే సంస్కృత నిఘంటుకారుడు సైతం ఒక జాతి ఊళ్ళకు సామాన్య నామంగా చూసిన మాటను మనం ఒకే ఒక ఊరి చిరునామాగా చదువుతున్నాము.

ఎల్లారెడ్డిపేట మండలంలోని ఊరి విషయం మరింత ఆసక్తికరం. దానిని ఆ ప్రాంతంలో వట్టి గొల్లపల్లి అనరు, రాచర్ల గొల్లపల్లి అంటారు. దాని చుట్టుపక్కలే రాచర్ల బొప్పాపూర్, రాచర్ల తిమ్మాపూర్ ఉన్నాయి. ఒకే పేరుగల ఊళ్ళు అనేకం ఉన్నప్పుడు ఊరు కూడా తన పేరుకు ముందు మరొక పేరు తగిలించుకోక తప్పలేదు. ఊరికే ఇంటిపేరు వచ్చిందన్నమాట! ఇంటిపేరు ఎందుకు పుడుతుందో తెలుసుకోవడానికి ఇంతకన్న మంచి పాఠం నాకు కనబడలేదు. పేరు వేరు చేయడానికి పుడుతుంది. వేరు చేయవలసిన అవసరం లేని చోట అది పుట్టదు.

ఇక గొల్ల శబ్దం. గోపాల శబ్దం ప్రాకృతం మీదుగా గొల్ల అయిందని నిఘంటుకారులు చెబుతారు, దానితో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ పేరును ఎవరు పెట్టారన్న దాని మీద. అందరూ గొల్లలే ఉన్న పల్లెకు ఆ పల్లెవాసులు గొల్లపల్లి అని పేరు పెట్టుకోరు. వారికి అది ‘మా ఊరు’, లేదా ‘మంద’, లేదా చెరువు పేరుతోనో గుట్ట పేరుతోనో పిలిచే చోటు. గొల్లపల్లి అని పిలిచేది పొరుగూరివాడు. తాను గొల్ల కానివాడు. అందుచేత గ్రామనామంలో ఉన్న కులపదం ఆ ఊరివారు తమ గురించి చెప్పుకున్న మాట అనుకోకూడదు. వారి గురించి ఇతరులు అన్న మాట అది. ఆ తరువాత శతాబ్దాలలో అదే ఊరికి కాపులు వచ్చారు, సాలెలు వచ్చారు, కంసాలి, చాకలి, మంగలి వచ్చారు, మాల మాదిగలు వాడలు కట్టుకున్నారు. వారిలో ఎవరు ఊరు విడిచి వెళ్ళినా గొల్లపల్లి వారే. ఒక ఊరి పేరు ఇంటిపేరు అయినప్పుడు అది కులాల గోడలు చూడదన్నది తెలుగుదేశంలో బడిపిల్లవానికి కూడా తెలిసిన సంగతి. పీఠికలలో దీనిని ఒప్పుకొని, పట్టికలలోకి వచ్చేసరికి మరచిపోవడం మన పరిశోధనకు అలవాటైంది.

గొల్ల అన్న మాట సైతం ఎల్లప్పుడూ పసుల కాపరినే చెప్పదు. మద్రాసు రాజధానిలోని ప్రభుత్వ ఖజానాలలో డబ్బు సంచులు ఎత్తి, దించి, కాపలా కాసే ఉద్యోగికి గొల్ల అనే పేరు. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథంలో ఈ విషయం నమోదై ఉన్నది. కులనామం కొలువు పేరైంది, కొలువు పేరు మళ్ళీ వ్యక్తికి అంటుకున్నది. ఇటువంటి మలుపులు ఉన్న మాటను రెండు ముక్కలు చేసి, ‘గొల్ల అనగా యాదవుడు, పల్లి అనగా గ్రామము’ అని రాసి ముగించడం నిరుక్తం అనిపించుకోదు.

ఇంటిపేరులోని వ్యాకరణం

ఇంటిపేర్ల పుట్టుకను వ్యాకరణమే మనకు స్పష్టంగా చెబుతుంది, వినే ఓపిక ఉంటే. నండూరు అనే ఊరి నుంచి వచ్చిన ఇంటిపేరు నండూరు కాదు, నండూరి. నూతలపాడు నుంచి వచ్చినది నూతలపాటి. ఏలూరు నుంచి ఏలూరి. ఇకారమూ టికారమూ ఔపవిభక్తికాలని బాలవ్యాకరణం చదివిన వారందరికీ తెలుసు. ఔపవిభక్తికం తన కాళ్ళ మీద తాను నిలబడే రూపం కాదు. దాని తరువాత మరొక మాట రావాలి. నండూరి తరువాత రావలసిన మాట ‘వారు’. నండూరి వారు, నూతలపాటి వారు, ఏలూరి వారు. కాలక్రమంలో ‘వారు’ రాలిపోయి, దాని ముందున్న విశేషణం మాత్రం ఇంటిపేరుగా మిగిలింది. ప్రథమా విభక్తిలో ఉండవలసిన నామం షష్ఠ్యర్థ రూపంలో ఘనీభవించిందంటే, అది ఎవరో ఒక పెద్ద పదబంధాన్ని పలికినప్పుడు తెగిపడిన ముక్క అని అర్థం. గొల్లపల్లి ఇకారాంతం కావడం వల్ల ఈ మార్పు పైకి కనబడదు. కనబడనంత మాత్రాన లేదని కాదు. గొల్లపల్లి అనే ఇంటిపేరు నిజానికి గొల్లపల్లి వారు, జగిత్యాల వాడుకలో గొల్లపల్లోల్లు.

ఈ ‘వారు’ను ఎవరు పలుకుతారు? తన గురించి తాను ‘వారు’ అనుకునే మనిషి ఉండడు. అది ప్రథమపురుష, పైగా గౌరవ బహువచనం. పక్కవాడు పలికే మాట. ఇంటిపేరు, దాని రూపంలోనే, ఇతరుల నోటి మాట.

గోదావరి దాటితే దీనికి తిరుగులేని సాక్ష్యం దొరుకుతుంది. ధర్మపురి రేవు నుంచి ఉత్తరంగా, ఆదిలాబాదు అడవుల మీదుగా చంద్రపూర్, గడ్చిరోలి, యవత్మాళ్ జిల్లాలకు వెళ్ళి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పేర్లు ‘వార్’తో ముగుస్తాయి. 1962-63లో మహారాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న మారోతరావు కన్నమ్‌వార్ పేరు చివర ఉన్నది ఆ ‘వార్’ అనే ప్రత్యయమే. మన దగ్గర రాలిపోయిన ‘వారు’ను మరాఠీ మాట్లాడే ఇరుగుపొరుగు రాలనివ్వలేదు, విన్నదాన్ని విన్నట్లు పలికారు, కచేరీ గుమాస్తా అలాగే రాశాడు. తెలుగులో లోపించిన పదం పొరుగు భాషలో శిలాజంగా నిలిచి ఉన్నది. మన ఇంటిపేర్ల సిద్ధాంత గ్రంథాలు ఈ ‘వార్’ పేర్లను ప్రవాసాంధ్రుల అధ్యాయంలో ఒక పేరాగా తేల్చివేస్తున్నాయి. నా దృష్టిలో అవి మొదటి అధ్యాయానికి చెందినవి.

ఊరు విడిచినవాడి పేరు

పై రెండు ఆధారాలను కలిపి చూస్తే నా ప్రధాన వాదం దానంతట అదే తేలుతుంది. గొల్లపల్లిలో ఉన్నంత కాలం ఎవరూ గొల్లపల్లి వారు కారు. ఊరంతా ఆ ఊరివారే అయినప్పుడు ఆ మాట ఎవరినీ వేరు చేయదు. ఆ ఇంటివాడు కోరుట్లకో మెట్‌పల్లికో సిరిసిల్లకో బతుకుదెరువుకు వెళ్ళినప్పుడు, అక్కడివారు ‘ఏ ఊరోడు?’ అని అడిగినప్పుడు, ఆ జవాబు అతనికి పేరవుతుంది. కొడుకు కాలానికి అది వంశానికి పేరవుతుంది. అందుచేత ఊరి పేరు ఇంటిపేరు కావడం నివాసానికి గుర్తు కాదు, నిష్క్రమణకు గుర్తు. ఊళ్ళో పుట్టే పేరు కాదది. పొలిమేర దాటాక పుట్టే పేరు.

ఇది కొత్త ఊహ అనుకునేవారిని కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాల బొమ్మలగుట్ట దగ్గరకు రమ్మంటాను. పదవ శతాబ్దంలో అక్కడ శాసనం వేయించిన జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ సాగిన ఆ శాసనాన్ని మనం తెలుగు కందపద్యాల కోసం మాత్రమే చదువుకుంటూ వచ్చాము. అందులో అతడు తన వంశం గురించి చెప్పుకున్న తీరు ఈ చర్చకు ముఖ్యం. తాను శ్రీవత్స గోత్రీకుడనని, వేంగినాటి వంగిపఱ్ఱుకు చెందిన కమ్మె బ్రాహ్మణుల వంశమని అతడు చెప్పుకుంటాడు. శాసనం ఉన్నది సబ్బినాటిలో. చెబుతున్న ఊరు తూర్పున ఎక్కడో దూరాన. ఆ కుటుంబం అప్పటికే జైనం స్వీకరించింది. అన్న వేములవాడ అరికేసరి కొలువులో ఉన్నాడు. మతం మారింది, నాడు మారింది, రాజు మారాడు, రాసే భాష మారింది. విడిచి వచ్చిన ఊరి పేరు మాత్రం అంటిపెట్టుకొని ఉన్నది. వంగిపఱ్ఱులోనే ఉండి ఉంటే జినవల్లభునికి ఆ ఊరి పేరు చెక్కించవలసిన పనే లేదు. దీనిని మన అర్థంలో ఇంటిపేరు అనలేము. కానీ ఊరి పేరు వంశానికి అంటుకునే ఘడియను ఈ శాసనంలో మనం కళ్ళారా చూడవచ్చు. అది కూడా గొల్లపల్లి ఉన్న ఉత్తర తెలంగాణ నేల మీదే.

ఈ వాదానికి ఎదురయ్యే అభ్యంతరం నాకు తెలియనిది కాదు. ఊరి పేరే ఇంటిపేరుగా ఉంటూ అదే ఊళ్ళో నివసిస్తున్న కుటుంబాలు లేవా? ఉన్నాయి. అగ్రహారం పొందినవారు, ఊరికి కరణీకమో దొరతనమో చేసినవారు ఆ ఊరి పేరుతో వ్యవహరింపబడడం ఉన్నది. అయితే అక్కడ కూడా ఆ పేరు పుట్టింది ఊరి బయటే: తాలూకా కచేరీలో, సంస్థానపు కొలువులో, పది ఊళ్ళ పెద్దలు కూడిన చోట ‘ఫలానా ఊరి వారు’ అని వేరు చేయవలసి వచ్చినప్పుడు. వెళ్ళి తిరిగివచ్చినవారి సంగతి చెప్పనక్కరలేదు. దీనికి తలకిందుగా నడిచే పేర్లు కూడా ఉన్నాయి. రాయలసీమలో వారిపల్లెలు, కోస్తాలో వారిపాలేలు ఇంటిపేరే ఊరి పేరు కాగా ఏర్పడినవి. కడప జిల్లా ఊర్ల పేర్ల మీద కేతు విశ్వనాథరెడ్డి చేసిన పరిశోధన వంటిది ప్రతి జిల్లాకూ జరిగి ఉంటే, ఏ పేరు ఎటు నుంచి ఎటు నడిచిందో ఈనాటికి మనకు తెలిసి ఉండేది. ఆ పని ఒక జిల్లా దగ్గర ఆదర్శంగా మిగిలి, మిగిలిన చోట్ల అనుకరణగా పలచబడిపోయింది.

కవుల ఊళ్ళ తగాదా

ఇంటిపేరును నివాసపత్రంగా చదివే దోషం మన సాహిత్య చరిత్రకు చేసిన నష్టం చిన్నది కాదు. వేములవాడ భీమకవిని చూడండి. సిరిసిల్ల పక్కన వేములవాడ ఉన్నది, చాళుక్యుల రాజధాని, అందులో భీమేశ్వరాలయం. గోదావరి మండలంలో మరో వేములవాడ ఉన్నది, దానికి దగ్గరలో ద్రాక్షారామ భీమేశ్వరుడు. రెండు వైపులా రెండు పక్షాలు, తరతరాల వాదం. పాల్కురికి సోమనాథుని విషయంలో జనగామ జిల్లా పాలకుర్తికీ, కర్ణాటకంలో తుమకూరు జిల్లా హాల్కురికెకూ మధ్య తగాదా. బమ్మెర పోతన విషయంలో బమ్మెరకూ ఒంటిమిట్టకూ మధ్య పోటీ.

ఇక్కడ నా ప్రాంతం వారికి రుచించని మాట ఒకటి చెప్పక తప్పదు. పోతన బమ్మెరవాడని నేను కూడా నమ్ముతాను. ఏకశిలానగర ప్రస్తావనా, రాచకొండ వెలమ ప్రభువులతో ముడిపడిన సంప్రదాయమూ, ఆ ప్రాంతపు ప్రజల నోట నిలిచిన జ్ఞాపకమూ కలిసి ఆ నమ్మకానికి బలమిస్తున్నాయి. ‘బమ్మెర’ అనే ఇంటిపేరు మాత్రం ఆ బలంలో భాగం కాదు. బమ్మెర అనే పేరు ఆయన వంశంలో ఎవరో ఒకరు ఏదో ఒక కాలంలో బమ్మెరను విడిచిన సంగతినే ఖాయంగా చెబుతుంది. ఆ విడిచినది తండ్రో, ముత్తాతో, ఎంత దూరం పోయారో, తిరిగి వచ్చారో పేరు చెప్పదు. భీమకవి విషయంలోనూ అంతే. ఆయన వేములవాడలో పుట్టాడా అని రెండు వేములవాడల మధ్య తేల్చడానికి ఇంటిపేరును సాక్షిగా పిలిచినవారు, ఆ సాక్షికి తెలియని విషయాన్ని అడిగారు. ప్రాంతాభిమానం తప్పు కాదు. దానికి తప్పుడు సాక్ష్యం అవసరం లేదు.

పట్టికను తిరగేసినవారు

కులం సంగతికి తిరిగి వస్తాను, ఎందుకంటే అసలు నష్టం అక్కడే జరుగుతున్నది. సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాలు, తెగల గురించి రాసిన గ్రంథం 1920లో వచ్చింది. థర్‌స్టన్ సంపుటాల లాగానే అందులోనూ ఒక్కొక్క కులం కింద ఇంటిపేర్లు ఉదాహరణలుగా ఇవ్వబడ్డాయి. వాటి ప్రయోజనం పరిమితమైనది: ఈ కులంలో ఒకే ఇంటిపేరు గలవారు పెళ్ళి చేసుకోరు, అటువంటి ఇంటిపేర్లలో కొన్ని ఇవి, అని చూపడం. కులం నుంచి ఇంటిపేరుకు వెళ్ళే బాట అది. మన పట్టికలు దానిని తిరగేశాయి. ఫలానా కులంలో ఈ ఇంటిపేరు ఉన్నది అన్న వాక్యాన్ని, ఈ ఇంటిపేరు ఉన్నవారు ఫలానా కులం అని చదివాయి. తర్కశాస్త్రం మొదటి పాఠంలోనే తప్పని చెప్పే ఎత్తు ఇది. పొగ ఉన్న చోట నిప్పు ఉంటుందని ఒప్పుకున్నవాడు, నిప్పు ఉన్న చోటల్లా పొగ ఉంటుందని ఒప్పుకోనక్కరలేదు.

తర్కదోషం గ్రంథాలయంలో పడి ఉంటే ఎవరికీ బాధ లేదు. కానీ ‘ఇంటిపేరేమిటి?’ అన్న ప్రశ్న తెలుగుదేశంలో అద్దె ఇంటి గుమ్మం దగ్గర, వసతిగృహంలో, మౌఖిక పరీక్షలో ఎందుకు అడుగుతారో మనందరికీ తెలుసు. ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్నవాడు ఆ ప్రశ్నకు చిక్కడు. అనేక కులాలకు అతికే పేరు అతనికి ఒక ఆచ్ఛాదన. ఇంటిపేరు ఎదురుగా కులం రాసిన పట్టికను విశ్వవిద్యాలయం ముద్ర వేసి ప్రచురించినప్పుడు, ఆ అడిగేవాడి చేతికి మనం ఒక నిఘంటువు అందిస్తున్నాము. పైగా తప్పుల నిఘంటువు. ఇటువంటి పట్టికలు ఇక మీదట మన సిద్ధాంత గ్రంథాలలో ఆమోదం పొందకూడదని నేను సూటిగా కోరుతున్నాను. కుల చరిత్రను దాచమని కాదు నా కోరిక. ఇంటిపేరు అనే కిటికీలోంచి చూస్తే అది కనబడదు. కనబడే తలుపులు వేరే ఉన్నాయి.

అడగని వారు

ఆ తలుపులలో మొదటివి ఆశ్రిత గాయకుల ఇళ్ళు. సిరిసిల్ల పద్మశాలీలకు కూనపులివారు పటం విప్పి మార్కండేయ పురాణం చెబుతారు. నూటొక్క గోత్రాల సంప్రదాయం ఆ కథలో భాగం. గొల్లలకు మందెచ్చులవారు కాటమరాజు కథ చెబుతారు. కాపులకు, రెడ్లకు పిచ్చుకుంట్లవారు గోత్రాలు, ఇంటిపేర్లు చదువుతారు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెబుతారు. ఏ ఊళ్ళు ఎవరి మిరాశో వారిలో వారికి పంపకం ఉన్నది. ఏ ఇల్లు ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోయిందో వారికి తెలియాలి. జ్ఞానం కోసం కాదు, బతుకు కోసం: దాత ఇల్లు ఎక్కడికి కదిలితే త్యాగం అడగడానికి తాము అక్కడికి కదలాలి. ఇంటిపేరు నిష్క్రమణకు గుర్తు అని నేను ఇంత వాదించి చెబుతున్న విషయం వారికి వృత్తిధర్మం. జానపద విజ్ఞానులు ఈ కళారూపాలను ప్రదర్శనలుగా, చిత్రకళగా, పురాణపాఠాలుగా శ్రద్ధగానే నమోదు చేశారు. కథ మధ్యలో గాయకుడు ఆగి ఆ ఇంటివారి పేర్లు చదివే ఘట్టాన్ని మాత్రం పునరుక్తిగా భావించి సంకలనంలో వదిలివేయడం జరుగుతూ వచ్చింది. ఇంటిపేర్ల చరిత్రకారునికి కావలసింది సరిగ్గా ఆ వదిలివేసిన భాగమే.

పెళ్ళి సంబంధాల దగ్గర ఊరి పెద్దలు చేసే విచారణ కూడా మన పరిశోధన కన్న మెళకువగా ఉంటుంది. ఒకే కులంలో రెండు ఇళ్ళకు గొల్లపల్లి అనే ఇంటిపేరు ఉంటే వారు పాలివారేనా, సంబంధం కుదురుతుందా? పెద్దలు పేరు విని తీర్పు చెప్పరు. ‘ఏ గొల్లపల్లి?’ అని అడుగుతారు, గోత్రం అడుగుతారు, ఇలవేలుపును అడుగుతారు, ఎవరికి ఎవరు మైల పట్టారో అడుగుతారు. చదువురాని ముసలమ్మ నమ్మని ఆధారాన్ని పట్టభద్రుడు నమ్మడం విచిత్రం.

కాగితాల మీద కూడా ఈ పేర్ల నడక సూటిగా లేదు. నిజాం కాలపు ఉర్దూ రెవెన్యూ పత్రాలలో పట్టాదారును ‘వల్ద్’ అంటూ తండ్రి పేరుతో గుర్తించేవారు. అక్కడ ఇంటిపేరు లేదంటే ఇంటిలో లేదని కాదు. షోలాపూర్, భివండీ మగ్గాల దగ్గరకు వెళ్ళిన సాలెల ఇంటిపేరు పేరు ముందు నుంచి పేరు వెనక్కి జరిగింది. గల్ఫ్ ప్రయాణం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల పల్లెలకు తెచ్చిన చిక్కు ఇంకొకటి. 2022 నవంబరులో అరబ్ ఎమిరేట్స్ ప్రభుత్వం, ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒకే పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవారిని అనుమతించబోమని ప్రకటించింది. ఊరు విడిచేవానికి పేరు అంటించే పని ఒకప్పుడు పొరుగూరివాడు చేసేవాడు. ఇప్పుడు విమానాశ్రయం చేస్తున్నది. దీని మీద మన నామవిజ్ఞానులలో ఒక్కరైనా దృష్టి పెట్టవలసి ఉన్నది.

అన్నిటికన్న నన్ను కలవరపెట్టే మౌనం మరొకటి. ఊరి పేరు మనిషికి అంటుకునే ఈ ప్రక్రియ శాసనాల కాలానిదని, దానిని ఊహించడమే తప్ప చూడలేమని మనం అనుకుంటున్నాము. అది ప్రతి తెలంగాణ పల్లెలో ఈనాటికీ జరుగుతున్నది. గొల్లపల్లి నుంచి కోరుట్లకు కోడలిగా వెళ్ళిన ఆమెను ఆ వాడలో గొల్లపల్లామె అంటారు. అదే వాడలో జగిత్యాలామె ఉంటుంది, ధర్మపురామె ఉంటుంది. పుట్టిన ఇంటిపేరు పెళ్ళితో పోతుంది, మెట్టిన ఇంటిపేరు కాగితం మీద వస్తుంది, వాడలో మాత్రం ఆమె విడిచివచ్చిన ఊరే ఆమె పేరు. గొల్లపల్లి వారు అన్న పేరు పుట్టిన తీరు ఇదే, అక్షరం పొల్లుపోకుండా ఇదే. ఒక్కటే తేడా. మగవాడు విడిచిన ఊరు వంశానికి సంక్రమించింది. ఆడమనిషి విడిచిన ఊరు ఆమెతోనే చితికెక్కుతుంది. అందుకే ఒకటి ఇంటిపేరైంది, రెండవది ‘వాడుక పేరు’ అన్న ఉపేక్షకు గురైంది. ఇంటిపేర్ల మీద వచ్చిన గ్రంథాలలో ఈ పేర్లకు ఒక అధ్యాయం కేటాయించిన దానిని నేను చదవలేదు. ఇవి పితృవంశ పట్టికలో ఇమడవు కాబట్టి పరిశోధకునికి కనబడలేదు. ఇంటిపేరు పుట్టుకను ప్రత్యక్షంగా చూపే ఏకైక సజీవ సామగ్రి మాత్రం ఇదే.

మా శాఖలో ఇంటిపేర్ల మీద నమోదు చేసుకోవడానికి వచ్చే విద్యార్థి చేతిలో సాధారణంగా వర్గీకరణ నమూనా ముందే ఉంటుంది. దానిని పక్కన పెట్టించి నేను ఇవ్వదలచిన మొదటి పని ఇది: రాచర్ల గొల్లపల్లికి వెళ్ళి, ఒక వాడ ఎంచుకొని, ఆ వాడలోని కోడళ్ళలో ఎవరిని ఏ ఊరి పేరుతో పిలుస్తున్నారో, ఆ పేరు మొదట ఎవరి నోట వచ్చిందో, ఆ పిలుపు పిల్లల తరానికి మిగిలిందో లేదో రాసుకొని రావాలి. ఊళ్ళో గొల్లపల్లి అనే ఇంటిపేరు ఎవరికైనా ఉన్నదా అని చివర అడిగితే చాలు.